ఫోటోకి ముందు పది రోజులు

కొత్త ఉద్యోగంలో చేరి రెండు వారాలు కాకముందే హెచ్‌ఆర్ నుంచి మెయిల్ వచ్చింది. కంపెనీ వెబ్‌సైట్‌లో ఉద్యోగుల పేజీ కొత్తగా తయారుచేస్తున్నారు, అందరూ ఒక హెడ్‌షాట్ పంపాలి. వెనక లేత బూడిద రంగు తెర ఉండాలి, తల, భుజాలు, ఛాతీ పైభాగం కనిపించాలి, ఫార్మల్‌గా ఉండాలి. చీరైనా సరే, కోటైనా సరే, మీ ఇష్టం అన్నారు.

నా దగ్గర అలాంటి ఫోటో ఒక్కటీ లేదు. పిల్లల కోసం 9 ఏళ్ళు ఉద్యోగం మానేసి, 45 ఏళ్ళ వయసులో మళ్ళీ అకౌంట్స్‌లోకి వచ్చాను. ఆ తొమ్మిదేళ్ళలో నాకు తీసిన ఫోటోలన్నీ పెళ్ళిళ్ళలో, గృహప్రవేశాల్లో, ఎవరో ఒకరి పక్కన నిలబడి తీయించుకున్నవే. లింక్డ్‌ఇన్‌లో పెట్టింది కూడా మా పిన్ని కూతురి పెళ్ళి ఫోటోలోంచి కత్తిరించిన ముక్క. నా భుజం మీద పిన్ని వేళ్ళు అందులో ఇంకా కనిపిస్తాయి. అందుకే మెయిల్ చూడగానే సంతోషమూ వేసింది, టెన్షనూ పట్టుకుంది. నా పేరు, నా హోదా, నా ముఖం కలిసి ఒకచోట కనిపించడం ఇదే మొదటిసారి. బాగా రావాలని గట్టిగా అనుకున్నాను.

మొదటిసారి బాగా రాలేదు. తప్పు ఎక్కడ జరిగిందో ముందు చెప్తాను, ఎందుకంటే మనలో చాలామంది ఇదే పని చేస్తారు.

ఫోటో శనివారం ఉదయం. శుక్రవారం సాయంత్రం ఆఫీసు నుంచి నేరుగా పార్లర్‌కి వెళ్ళి బ్లీచ్, ఫేషియల్, కనుబొమ్మల త్రెడింగ్ అన్నీ ఒకేసారి చేయించుకున్నాను. రాత్రికి బుగ్గలు మండటం మొదలుపెట్టాయి. తెల్లారేసరికి పై పెదవి మీద, కనుబొమ్మల కింద ఎర్రగా కందిపోయి ఉంది. అది కనపడకుండా ఉండాలని పార్లర్‌లో ఫౌండేషన్ మందంగా వేశారు, అదీ నా రంగు కన్నా బాగా తెల్లటిది. కట్టుకున్నది ధర్మవరం పట్టుచీర, మెరూన్ రంగు, పెద్ద జరీ అంచు. మంచి చీర అంటే మనకి ముందు గుర్తొచ్చేది పట్టుచీరే కదా.

స్టూడియోలో స్క్రీన్ మీద చూస్తే ముఖం ఒక రంగు, మెడ ఇంకో రంగు. భుజం మీది జరీ ఫ్లాష్ వెలుగు తగిలి తెల్లటి పట్టీలా మెరుస్తోంది, చూపు ముఖం మీద నిలవకుండా అక్కడికే పోతోంది. నుదుటి మీద, ముక్కు పక్కన విభూది రాసినట్టు పాలిపోయిన తెలుపు. అది సన్‌స్క్రీన్ వల్ల అని నాకు తర్వాత తెలిసింది. జింక్ ఆక్సైడ్, టైటానియం డయాక్సైడ్ ఉన్న క్రీములు ఎండ నుంచి చర్మాన్ని కాపాడతాయి, కానీ మీద పడ్డ వెలుగును కొంత తిప్పికొడతాయి. ఫ్లాష్ వెలుగునూ అలాగే తిప్పికొడతాయి. ఎండలో పనికొచ్చే క్రీమే ఫోటోలో తెల్లపూతలా కనిపిస్తుంది.

అయినా అదే పంపాను. హెచ్‌ఆర్‌లో అమ్మాయి చాలా మర్యాదగా ఫోన్ చేసింది. "మేడమ్, ఫోటో బాగుంది, కానీ ఏదో ఫంక్షన్‌లో తీసినట్టుంది. మీరు రోజూ ఆఫీసుకి ఎలా వస్తారో అలా ఉంటే చాలు. ఇంకా పది రోజులు టైముంది."

రోజూ ఆఫీసుకి ఎలా వస్తానో అలా. ఆ మాట నా మనసులో నాటుకుపోయింది. అప్పటిదాకా నేను ఆలోచించింది అందంగా కనిపించడం గురించే. ఆ పేజీ చూసి నాతో మాట్లాడటానికి వచ్చే ఆడిటరు, మీటింగ్ గదిలో నన్ను చూడగానే గుర్తుపట్టాలి. ఫోటో పని అదీ. ఇక అక్కడినుంచి ప్రతి నిర్ణయం నాకు తేలికైంది.

మా ఆఫీసులో ఒకావిడ అమీర్‌పేటలో ఒక చిన్న స్టూడియో గురించి చెప్పింది. ఫోన్ చేస్తే, ఆ స్టూడియో నడిపే పెద్దాయన వెంటనే తేదీ ఇవ్వలేదు. "ముందు మీరు కట్టుకోవాలనుకునే బట్టలు మంచం మీద పరిచి, ఫోటో తీసి వాట్సాప్‌లో పంపండమ్మా. కళ్ళజోడు ఉందా? బొట్టు ఎలాంటిది పెట్టుకుంటారు? జుట్టు అల్లుకుంటారా, వదిలేస్తారా?" అని వరసగా అడిగారు. చివర ఒక మాటన్నారు: "ఈ ఫోటోలో బట్టలు కనిపించేది మెడ కింద జానెడే. ఆ జానెడు మేర బాగుంటే మిగతాది ఎలా ఉన్నా ఫర్వాలేదు."

కోటు నేను వద్దనుకున్నాను. ఇంటర్వ్యూల కోసం ఒకటి కొన్నాను గానీ, వేసుకుంటే భుజాలు బిగుసుకుపోతాయి, చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియదు. ఆ ఇబ్బంది ముఖంలోకి వచ్చేస్తుంది. వారంలో మూడు నాలుగు రోజులు నేను ఆఫీసుకి వెళ్ళేది నూలు చీరలోనే. అందుకని మూడు చీరలు పరిచి పంపాను: తెల్లటి వెంకటగిరి, చిన్న గళ్ళ నారాయణపేట, ముదురు నీలం మంగళగిరి.

వెంకటగిరి వద్దన్నారు. లేత బూడిద తెర ముందు తెల్లచీర కడితే భుజం ఎక్కడ అయిపోయిందో, తెర ఎక్కడ మొదలైందో తెలియదట. నారాయణపేట చీర గురించి మాత్రం "మీరే ఒకసారి ఇంట్లో తీసి చూసుకోండి" అన్నారు. ఆ ఆదివారం మా అమ్మాయి చేత తీయించాను. కిటికీ పక్కన, ఎండ నేరుగా పడని చోట నిలబడ్డాను. తను ఆరడుగుల దూరం నుంచి జూమ్ చేసి తీసింది. దగ్గరికొచ్చి తీస్తే ముక్కు పెద్దదిగా, చెవులు వెనక్కి పోయినట్టుగా వస్తుంది. అది మన ముఖంలో లోపం కాదు, కెమెరా మరీ దగ్గరగా ఉండటం వల్ల వచ్చేది. సెల్ఫీలు చూసుకుని ఏళ్ళ తరబడి నా ముక్కు గురించి బాధపడ్డాను, ఆ రోజు ఆ బాధ పోయింది.

ఫోటోలో చూద్దును కదా, నారాయణపేట చీర గళ్ళ మీద నీటి అలల్లాంటి చారలు! చీరలో లేవు అవి. కెమెరాలో వెలుగును పట్టే చుక్కలు కూడా గళ్ళలాగే వరసల్లో ఉంటాయి. సన్న గళ్ళు, సన్న చారలు ఆ వరసలతో కలిసీ కలవకుండా పడితే ఇలా లేని అలలు పుడతాయి. నాకు ప్రాణంలాంటి చీర అది. కంటికి ఎంత బాగున్నా ఫోటోకి పనికిరాదని ఒప్పుకోక తప్పలేదు. మీకు చిన్న గళ్ళ చొక్కాగానీ చీరగానీ ఇష్టమైతే, ముందు రోజైనా ఫోన్‌లో ఒకసారి తీసి చూసుకోండి.

మిగిలింది మంగళగిరి. కిందటి దసరాకి విజయవాడ వెళ్ళినప్పుడు పానకాల నరసింహస్వామి దర్శనం చేసుకుని, కొండ దిగాక కొన్నాను. మంగళగిరి నేతలో ఉన్న సుఖం అదే, ఒంటినిండా ఒకటే రంగు, పని అంతా అంచులో ఉంటుంది. ముదురు నీలం మీద సన్నటి అంచు, జరీ ఉన్నా పట్టుచీరలాగా వెలుగును కొట్టదు. ముఖం తర్వాతే చీర కనిపిస్తుంది. పెద్దాయన వెంటనే సరే అన్నారు.

కానీ రెండు మూడు ఉతుకులకి ఆ చీర మెత్తబడి, భుజం మీద నిలవకుండా జారిపోతోంది. మా అమ్మకి ఫోన్ చేశాను.

"గంజి పెట్టు. బియ్యం గంజి కాదు, ముదురు రంగు మీద తెల్లటి మరకలు పడతాయి. సగ్గుబియ్యంతో పెట్టు," అంది.

రెండు చెంచాల సగ్గుబియ్యం గంటసేపు నానబెట్టి, లీటరు నీళ్ళలో గింజ కనపడకుండా కరిగేదాకా కాచాను. పలచటి గుడ్డలో వడకట్టి, అర బకెట్ నీళ్ళలో కలిపాను. "మామూలుగా పెట్టేదాంట్లో సగం చాలు," అంది అమ్మ. గంజి ఎక్కువైతే భుజం మీద మడతలు అట్టముక్కల్లా పైకి లేస్తాయి, ఫోటోలో భుజం ఎత్తుగా, మెడ పొట్టిగా కనిపిస్తుంది. చీర తిరగేసి ముంచి, మెల్లగా పిండి, నీడలో ఆరేసి, తడి ఉండగానే అంచులు నేనూ మా అమ్మాయీ పట్టుకుని లాగాం. ఇస్త్రీ బండి అతనితో కూడా ఒక మాట చెప్పాను: పైట భాగం మడతపెట్టి ఇస్త్రీ చేయొద్దని. మడత గీత సరిగ్గా భుజం మీదికి వస్తే ఎంత సర్దినా పోదు. చీర ఇంటికి తెచ్చి, బీరువాలో మడతపెట్టకుండా హ్యాంగర్‌కి వేలాడదీశాను. ఇదంతా ఫోటోకి రెండు రోజుల ముందు.

జాకెట్టుకి ఇంకా ముందే కదలాల్సి వచ్చింది. ఉన్నవాటికి మెడ బాగా వెడల్పు, పైగా చంక దగ్గర ముడతలు. నాది కొంచెం పొట్టి మెడ. బోట్ నెక్ కుట్టించుకుందామనుకుంటే, మెడ ఇంకా తగ్గినట్టు కనిపిస్తుందని పెద్దాయన చెప్పారు. మా వీధిలో కుట్టే అక్కకి చిన్న 'వి' మెడ, మోచేతిదాకా చేతులు అని చెప్పాను. మొదట వేసుకుని చూస్తే చంక దగ్గర ఇంకా లాగుతోంది. "కూర్చుని చూపించమ్మా, ఫోటో కూర్చునే కదా తీస్తారు," అంది అక్క. నిలబడితే బాగున్న జాకెట్టు కూర్చుంటే పైకి లేస్తోంది. అక్కడే సరిచేసి ఇచ్చింది. ఆ ఆలోచన నాకు రాలేదు, ఇప్పుడు ఏ జాకెట్టైనా కూర్చునే చూసుకుంటున్నాను.

ముఖం విషయంలో ఈసారి నియమం ఒకటే: కొత్తది ఏదీ వాడకూడదు. ఫేషియల్ లేదు, బ్లీచ్ లేదు. త్రెడింగ్ మూడు రోజుల ముందు చేయించుకున్నాను, కందినది తగ్గడానికి ఆ టైము చాలు. జుట్టుకి రంగు ఆరు రోజుల ముందు వేసుకున్నాను. కొత్త డబ్బా కాబట్టి 48 గంటల ముందు చెవి వెనక చుక్క రాసి చూశాను, దురద రాలేదు. ఆరు రోజులు ఎందుకంటే, వేసిన రోజు నుదుటి అంచున, చెవుల మీద నల్లగా అంటుకుంటుంది, మూడు నాలుగు స్నానాలకి గానీ పోదు. కణతల దగ్గర నాలుగు తెల్లవెంట్రుకలు ఉండనిచ్చాను.

పసుపు సంగతి ఎవరూ చెప్పరు, నేను చెప్తాను. శుక్రవారం ముఖానికి పసుపు రాసుకోవడం నాకు పెళ్ళయిన దగ్గర్నుంచీ అలవాటు. కంటికి పెద్దగా తెలియదు గానీ, మొదటి ఫోటోలో నుదుటి అంచున, మెడ మడతల్లో పచ్చదనం స్పష్టంగా కనిపించింది. ఆ వారం పసుపు పాదాలకే రాసుకున్నాను. పెదవులు పగలకుండా రోజూ రాత్రి నెయ్యి రాశాను. తలంటు ముందు రోజు సాయంత్రం. అదే రోజు పొద్దున పోసుకుంటే జుట్టు గాలికి లేస్తుంది, నూనె పెట్టి వెళ్తే వెలుగు కింద నెత్తి తడిగా ఉన్నట్టు మెరుస్తుంది.

బొట్టు గురించే నేను ఎక్కువ ఆలోచించాను. పెట్టుకోకుండా వెళ్తే ఫార్మల్‌గా ఉంటుందేమో అని ఒకరిద్దరు అన్నారు. కానీ బొట్టు లేకుండా నేను ఏ రోజూ ఆఫీసుకి వెళ్ళలేదు. పైగా ఏళ్ళ తరబడి ఒకేచోట స్టిక్కర్ అంటించినందువల్ల అక్కడ చిన్న మచ్చ ఉంది, బొట్టు తీస్తే అదే కనిపిస్తుంది. కుంకుమ పెట్టుకుంటే దీపాల వేడికి, చెమటకి ముక్కు మీద రాలుతుంది. రాళ్ళ బొట్టు మెరుస్తుంది. మెరుపు లేని మెరూన్ స్టిక్కర్, మధ్యరకం సైజుది, అదే పెట్టుకున్నాను. మంగళసూత్రం గొలుసు జాకెట్టు లోపలికి వేసుకున్నాను, చెవులకి చిన్న ముత్యాలు. నాకిది నచ్చిన నిర్ణయం. ఇంకొకరు బొట్టు లేకుండా వెళ్తారు, అది వాళ్ళ రోజువారీ రూపమైతే అదే సరైనది.

కళ్ళజోడు రోజూ పెట్టుకునేదే, కాబట్టి తీయలేదు. అమెరికా వీసా ఫోటోకైతే 2016 నవంబరు నుంచి కళ్ళజోడు తీసేయాల్సిందే, హెడ్‌షాట్‌కి ఆ నియమం లేదు. కానీ నాది ఎండకి నల్లబడే అద్దం. మొదటిసారి స్కూటీ మీద ఎండలో వెళ్ళినందువల్ల తొలి పది ఫోటోల్లో కళ్ళు మబ్బులో ఉన్నట్టు వచ్చాయి. ఈసారి మామూలు అద్దాలున్న పాత జోడు తీసుకెళ్ళాను.

నాతోపాటు చేరిన ఒక కుర్రాడు అదే వారం ఫోటో తీయించుకున్నాడు. తన అనుభవం కూడా కొంచెం చెప్తాను. తిరుపతి మొక్కు తీర్చుకుని గుండుతో వచ్చాడు, నెలన్నర ఆగుతానంటే హెచ్‌ఆర్ వాళ్ళు ఒప్పుకోలేదు. భయపడ్డాడు గానీ ఫోటో చక్కగా వచ్చింది. ఫోటోకి ముందు రోజు రాత్రే గడ్డం గీసుకున్నాడు, పొద్దున గీసుకుంటే ఎర్రటి పొక్కులు వస్తాయని. నెత్తి మెరవకుండా ఉండాలని పలచటి కాగితంతో అద్దుకున్నాడు. అతనికి ఇబ్బంది పెట్టింది చొక్కా కాలరు. ఒళ్ళు తగ్గాక మెడ చుట్టూ బాగా వదులైంది. ఫోటోగ్రాఫర్ వెనక నుంచి క్లిప్పు పెట్టి బిగించారు.

ఫోటో రోజు స్కూటీ తీయలేదు. హెల్మెట్ పెడితే జుట్టు అణిగిపోతుంది, ఎండకి చెమట. మియాపూర్‌లో మెట్రో ఎక్కాను, ఏసీలో చల్లగా అమీర్‌పేటలో దిగాను. చీర మాత్రం హ్యాంగర్‌తో సహా కవర్లో పెట్టి తీసుకెళ్ళి స్టూడియోలోనే కట్టుకున్నాను. సన్‌స్క్రీన్ ఆ పూటకి రాయలేదు, గొడుగు పట్టుకున్నాను. సంచీలో పిన్నీసులు, దువ్వెన, మెత్తటి పాత నూలు రుమాలు, నా చర్మం రంగుతో కలిసే కొంచెం పౌడర్, పెదవులకి లేత రంగు లిప్‌స్టిక్, ఇంకో రెండు బొట్టు బిళ్ళలు, అంతే.

పెద్దాయన ముందు కళ్ళజోడు తీసి పక్కన పెట్టించి, పదిహేను నిమిషాలు కూర్చోమన్నారు. ముక్కు మీద నొక్కులు పోవడానికి. పైట మడతలు నాలుగు వేళ్ళ వెడల్పుకి తెచ్చి, అంచు సరిగ్గా భుజం చివరికి వచ్చేలా సర్దుకుని, పిన్ను లోపలి నుంచి పెట్టుకోమన్నారు. వెడల్పుగా వదిలేస్తే జాకెట్టు మెడ కనిపించకుండా చీర అంతా ఒక గుడ్డలా ఉంటుంది. కళ్ళజోడు మళ్ళీ పెట్టుకున్నాక, చెవుల మీది కాడలు కొంచెం పైకి లేపారు. అద్దాలు కిందికి వంగి, దీపాల మెరుపు మాయమైంది. ఎంత చిన్న కదలిక అది! బయటికి చూస్తే కాడలు లేచినట్టు కూడా తెలియలేదు.

"గడ్డం పైకెత్తకండమ్మా. నుదురు కాస్త ముందుకి తెచ్చి, గడ్డం కొంచెం దించండి." అలా చేస్తే నాకు ఇబ్బందిగా, వింతగా అనిపించింది, స్క్రీన్ మీద మాత్రం దవడ గీత చక్కగా తేలి కనిపించింది. ప్రతి నాలుగైదు ఫోటోలకి ఒకసారి ఆపి, ముఖం రుమాలుతో అద్దుకోమనేవారు. తుడుచుకోవద్దు, అద్దుకోవాలి. మధ్యలో ఏం పని చేస్తారని అడిగారు. నెలాఖరున లెక్కలు ముగించడం గురించి చెప్తున్నాను, ఒక్క రూపాయి తేడా వచ్చినా అది దొరికేదాకా ఇంటికి వెళ్ళబుద్ధి కాదని చెప్తున్నాను. ఆ మాటల మధ్యలో తీసినవే బాగా వచ్చాయి.

అరవై పైగా ఫోటోల్లోంచి మూడు మిగిల్చి, చివరికి ఒకటి ఎంచుకున్నాం. కంప్యూటర్ ముందు కూర్చుని ఆయన అడిగారు, "ఏం తీసేయమంటారు?" గడ్డం మీద ఒక మొటిమ ఉంది, పై పెదవి పక్కన చిన్నప్పటి పుట్టుమచ్చ ఉంది, కళ్ళ కింద సన్నటి గీతలున్నాయి. కాసేపు చూశాను.

"మొటిమ తీసేయండి, వారంలో పోయేదే కదా. మిగతావి ఉండనివ్వండి," అన్నాను.

ఆయన తలూపి, మొటిమ ఒక్కటే తీసి, ఫైలు నా మెయిల్‌కి పంపారు. అదే సాయంత్రం హెచ్‌ఆర్‌కి పంపాను. సోమవారం పేజీలోకి వచ్చింది. ఆ నీలం చీర గంజి ఇంకా దిగలేదు, సోమవారం దాన్నే కట్టుకుని ఆఫీసుకి వెళ్ళాను.